బోరుకు వచ్చిన ఇంజిన్, వెంట రాని కొలతలు

సెకండ్ హ్యాండ్‌లో కొన్న పికప్ కొన్నాళ్లు తిరిగాక మెకానిక్ నోటి నుంచి వచ్చే మాట చాలావరకు ఒకటే: “ఇంజిన్ బోరుకు వచ్చింది, దించాలి.” బోరు అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడే సిలిండర్ లోపలి గుండ్రటి గోడ, అది అరిగిపోయిందని ఆ మాటకు అర్థం. వినగానే యజమాని అడిగేది ఎంతవుతుంది, బండి ఎన్నాళ్లు ఆగుతుంది అని. బోరుకు వచ్చిందని ఏ గేజ్ పెట్టి కొలిచారని అడిగేవాళ్లు తక్కువ. ఆ తర్వాత జరిగే మంచీ చెడూ సగం ఆ అడగని ప్రశ్న దగ్గరే తేలిపోతాయి.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పనిమంతులకు కొదవ లేదు. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్లలో ఒకటని ఊరివాళ్లు గొప్పగా చెప్పుకునే చోటు అది. లారీ బాడీ కట్టడం దగ్గర నుంచి పాత ఇంజిన్ విప్పి ముక్కలుగా అమ్మడం దాకా అన్నీ అక్కడే. అయితే ఒక ఇంజిన్ పని అక్కడ ఒక్క చేతి మీద అయిపోదు. దించి విప్పేది ఒక షెడ్డు. బోరు కొట్టేది, అంటే అరిగిన గోడను కోసి కాస్త పెద్ద సైజుకు తెచ్చేది లేత్ షాపు. క్రాంక్ (పిస్టన్ల ఆటను తిప్పుడుగా మార్చే ఇరుసు) గ్రైండింగ్ ఇంకొకరిది, పంపు, ఇంజెక్టర్లు మరొకరివి, రేడియేటర్ వేరే వీధిలో, సామాను కొనేది వేరే కొట్లో. గుంటూరు ఆటోనగర్‌లోనూ పద్ధతి ఇదే. ఎవరి పనిలో వాళ్లు చేయి తిరిగినవాళ్లే. అయినా ఫుల్ ఇంజిన్ పని చేయించిన బండి ఏడాది తిరక్కుండా మళ్లీ పొగ కొడుతోందన్న గోల వినిపిస్తూనే ఉంటుంది. అప్పుడు మెకానిక్ లేత్ వాడిని అంటాడు, లేత్ వాడు సామాను బాగాలేదంటాడు, కొట్టువాడు బిగించడం రాలేదంటాడు. ముగ్గురిలో ఎవరిది తప్పో తేలదు. సిలిండర్లుండే ఇనుప బ్లాకు ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లినప్పుడు దాని వెంట కొలతలు రాసిన కాగితం వెళ్లలేదు కాబట్టి.

దించకముందే తేల్చుకోవాల్సినవి

పొగ రంగు చూసి తీర్పు చెప్పడం అందరికీ అలవాటే. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువై గాలి తక్కువైంది. తెల్ల పొగ ఆగకుండా వస్తే అది కాలని డీజిల్ అయినా అయి ఉండాలి, సిలిండర్లోకి దిగుతున్న కూలెంట్ అయినా అయి ఉండాలి. ఇంతవరకు సరే. చిక్కంతా నీలం పొగతోనే. ఆయిల్ పిస్టన్ చుట్టూ గోడకు ఆనుకుని ఉండే రింగుల పక్క నుంచి పైకి రావచ్చు, వాల్వ్ సీళ్ల నుంచి కిందికి కారవచ్చు, గాలిని ఒత్తి ఇంజిన్లోకి నెట్టే టర్బో షాఫ్టు అరిగి గాలి పైపులోకి పడవచ్చు. సైలెన్సర్ దగ్గర మూడింటి రంగూ ఒకటే, ఖర్చు మాత్రం మూడు రకాలు. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త నీలం పొగ వదిలి ఆగిపోతే అనుమానం ముందు వాల్వ్ సీళ్ల మీదికి వెళ్లాలి. టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే పైపు విప్పితే కాస్త జిడ్డు కనిపించడం మామూలే, ఇంజిన్ లోపలి గ్యాస్‌ను వదిలే బ్రీదర్ పైపు నుంచి వచ్చే ఆవిరి అది. అదే పైపులో ఆయిల్ మడుగు కట్టి ఉంటే టర్బోను చూడకుండా ఇంజిన్ దించడం తొందరపాటు.

షెడ్డులో రెండో పరీక్ష బ్యాక్ కంప్రెషన్. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి గ్యాస్ బుసలు కొట్టుకుంటూ వస్తే రింగులు అయిపోయాయంటారు. చాలాసార్లు నిజమే. కాకపోతే బ్రీదర్ పైపు మసిపట్టి మూసుకుపోయినా ఇలాగే కొడుతుంది. ఆ పైపు శుభ్రం చేయడానికి ఖర్చయ్యేది ఒక గంట.

కంప్రెషన్ గేజ్ పెట్టి చూస్తే ఆరోగ్యంగా ఉన్న డీజిల్ ఇంజిన్‌లో సాధారణంగా 25 నుంచి 30 బార్ల చుట్టూ వస్తుంది. సరైన అంకె ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. మొత్తం అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ఎక్కువ విషయం చెబుతుంది. నాలుగూ సమానంగా తగ్గితే అరుగుదల. మూడు బాగుండి ఒకటే పడిపోతే వాల్వో, గ్యాస్కెటో, విరిగిన రింగో. పెట్రోల్ బండ్లలో సిలిండర్లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ కొలిచే కిటుకు ఉంది. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. డీజిల్‌లో పిస్టన్ పైన మిగిలే ఖాళీయే చాలా చిన్నది, పోసిన ఆయిల్ అందులో చోటు ఆక్రమించి అంకెను దానంతట అదే పెంచేస్తుంది. దాన్ని నమ్మకూడదు. అంతకంటే మేలైన దారి ప్రతి షెడ్డులోనూ ఉన్న కంప్రెసరే. పిస్టన్ పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకున్న చోట క్రాంక్ కదలకుండా బిగించి, స్టార్టింగ్‌లో సిలిండర్‌ను వేడిచేసే గ్లో ప్లగ్ రంధ్రం నుంచి గాలి పంపి చెవి పెట్టాలి. సైలెన్సర్లో సుయ్‌మంటే ఎగ్జాస్ట్ వాల్వ్, ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్లెట్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు. రేడియేటర్లో బుడగలు లేస్తే గ్యాస్కెట్ పోయింది లేదా హెడ్ చీలింది. అరగంట పనితో దించాలో వద్దో చాలావరకు తేలుతుంది.

ఆయిల్ తాగుతోందన్న ఒక్క కారణానికే కంగారుపడి దించనక్కర్లేదు. నెలకు 3000 కిలోమీటర్లు తిరిగే బండి 500 కిలోమీటర్లకు ఒక లీటరు తాగుతోందనుకుందాం. నెలకు 6 లీటర్లు. లీటరు 350 రూపాయలు అనుకున్నా 2100 రూపాయలు. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలే సీజన్లోనో, నున్న మామిడి మార్కెట్ జోరుమీద ఉన్నప్పుడో బండిని పదిహేను రోజులు పడుకోబెట్టే నష్టంతో పోలిస్తే అది చిన్న లెక్క. సీజన్ దాటాక తీరిగ్గా చేయించుకోవచ్చు. రెండు మినహాయింపులున్నాయి. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 బండి అయితే కాలిన ఆయిల్ బూడిద పొగలోని మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్‌లో పేరుకుంటుంది. మసిని కాల్చేసినట్టు బూడిదను కాల్చలేరు, ఫిల్టర్ మార్చే ఖర్చు నెత్తిన పడుతుంది. ఇక ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో ఆయిల్ లైటు వెలిగినా, కింద నుంచి బరువైన దబదబ శబ్దం వినిపించినా అది బేరింగుల గొడవ. అక్కడ ఒక్క ట్రిప్పు ఎక్కువ తోలినా క్రాంక్ ప్రాణం మీదికి వస్తుంది.

బోరు ఎక్కడ అరుగుతుంది

దించాక విప్పిన సిలిండర్లో వేలు పెట్టి పైనుంచి కిందికి జారిస్తే పై అంచుకు కొద్దిగా కింద గట్టులాంటిది తగులుతుంది. రింగు వెళ్లని చోటు అరగదు, రింగు ఆగే చోటు అరుగుతుంది కాబట్టి ఆ గట్టు ఏర్పడుతుంది. పిస్టన్ ఒక చుట్టులో రెండుసార్లు ఆగి వెనక్కి తిరుగుతుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 100 సార్లు. కదులుతున్నంతసేపు రింగుకు, గోడకు మధ్య ఆయిల్ పొర నిలుస్తుంది, ఆగిన క్షణంలో పలచబడిపోతుంది. పై కొస దగ్గర మంట, ఒత్తిడి కూడా అప్పుడే గరిష్ఠంగా ఉంటాయి. గాలితో వచ్చిన దుమ్ము మొదట తగిలేది కూడా అక్కడే. అందుకే బోరు పైన ఎక్కువ, కింద తక్కువ అరుగుతుంది. పైగా పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కన్ రాడ్ ఏటవాలుగా నెట్టడం వల్ల పిస్టన్ రెండు పక్కలనే ఎక్కువ ఒత్తుతుంది, గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది.

ఈ రెండు తేడాలూ కంటికి కనపడవు, బోర్ గేజ్‌కు కనపడతాయి. ప్రతి సిలిండర్లో పైన, మధ్యలో, కింద మూడు ఎత్తుల్లో. ప్రతి ఎత్తులో క్రాంక్ వెంబడి ఒకటి, అడ్డంగా ఒకటి. సిలిండర్‌కు 6 కొలతలు, నాలుగింటికి 24. బొలెరో పికప్‌లలో చాలాకాలం వచ్చిన 2523 సీసీ ఇంజిన్‌నే తీసుకుంటే దాని బోరు 88.9 మి.మీ., స్ట్రోక్ 101.6 మి.మీ. బాగా తిరిగిన అలాంటి బ్లాకులో ఒక సిలిండర్ లెక్క ఇలా ఉండవచ్చు: పైన క్రాంక్ వెంబడి 89.06, అడ్డంగా 89.11, మధ్యలో 88.98, 89.00, కింద 88.92, 88.93. అంటే కొత్తగా ఉన్నప్పటి కంటే పైన 0.21 మి.మీ. అరిగింది, పైకీ కిందికీ తేడా 0.18, గుండ్రం 0.05 తప్పింది. మనిషి తల వెంట్రుక మందం సుమారు 0.07 మి.మీ. అంటే మొత్తం గొడవ మూడు వెంట్రుకల మందంలో ఉంది. హద్దు ఎంతన్నది మోడల్‌ను బట్టి మారుతుంది గానీ, పైకీ కిందికీ తేడా 0.1 మి.మీ. దాటిన బోరులో ఊరికే కొత్త రింగులు వేసి లాభం లేదు. కిందికి దిగినప్పుడు నొక్కుకుని, పైకి వెళ్లినప్పుడు విచ్చుకుంటూ రింగు ఎక్కడా కుదురుగా కూర్చోదు.

“రింగులు మార్చేస్తే సరిపోద్ది” అన్న చవక సలహా చెడేది ఇక్కడే. పాత పిస్టన్‌కు పై రింగు గాడి కూడా అరిగి వెడల్పై ఉంటుంది. అందులో కొత్త రింగు కదలాడుతూ ఆయిల్‌ను పైకి తోడుతుంది. పై గట్టును తీయకుండా బిగిస్తే అరుగుదల లేని కొత్త రింగు అంచు దానికి కొట్టుకుని విరిగిపోయే ప్రమాదమూ ఉంది. గేజ్ చెప్పిన అరుగుదల హద్దులోపే ఉండి, గాడులు బాగుంటే రింగుల పని న్యాయమైనదే. కొలవకుండా చెప్పినప్పుడే అది జూదం.

లేత్ షాపులో

బోరు పెంచే సైజులు సాధారణంగా 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. పై లెక్కలో అరిగింది 0.21 కదా, 0.25 చాలదా అనిపిస్తుంది. చాలదు. ఆ అరుగుదల రెండు పక్కలా సమానంగా ఉండదు. ఒక పక్క 0.15, ఎదురుగా 0.06 అరిగిందనుకుంటే, అసలు కేంద్రం కదలకుండా ఆ 0.15ను శుభ్రం చేయాలంటే వ్యాసం కనీసం 0.30 పెరగాలి. కాబట్టి 0.50 సైజుకు వెళ్లక తప్పదు. 0.25లోనే సర్దేయాలంటే బోరింగ్ బార్‌ను అరిగిన వైపు జరపాలి, అప్పుడు సిలిండర్ కేంద్రమే పక్కకు పోతుంది. బయటికి చూస్తే బోరు అద్దంలా మెరుస్తుంది, ఒక సైజు మిగిలిందని యజమాని సంతోషిస్తాడు, పిస్టన్ మాత్రం జీవితాంతం వంకరగా నడుస్తుంది. బార్‌ను పై అరిగిన చోట కాకుండా కింద అరగని చోట సెంటర్ చేస్తారా అని అడగడం తప్పేమీ కాదు.

రెండో సంగతి వరస. ముందు పిస్టన్లు కొని లేత్ షాపులో ఇవ్వాలి, ఆ తర్వాతే బోరు. డబ్బా మీద 0.50 అని ఉన్నా నాలుగు పిస్టన్లూ మిల్లీమీటరులో వందో వంతు దాకా ఒకేలా ఉండవు. ఒక్కో పిస్టన్‌ను స్కర్ట్ (కింది భాగం) దగ్గర, పిన్నుకు అడ్డంగా మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి కంపెనీ చెప్పిన ఖాళీ కలిపి ఆ సిలిండర్‌ను ఆ పిస్టన్‌కే కొట్టి, నంబరు వేసి ఇవ్వాలి. ఖాళీ ఒక 0.05 మి.మీ. తగ్గితే వేడికి ఉబ్బిన పిస్టన్ ఎండాకాలం లోడు మీద పట్టేస్తుంది. అంతే పెరిగితే పొద్దున్నే టకటకమంటుంది. నాలుగు సిలిండర్లకూ ఒకే సైజు ఉండాలి. ఒక్కటి మాత్రమే మరీ చెడి ఉంటే దానికి స్లీవు (లోపల తొడిగే కొత్త గొట్టం) దింపి మిగతావాటితో సమానం చేయడం మంచిది, అన్నిటినీ పెద్ద సైజుకు లాక్కెళ్లడం కంటే.

కూలెంట్ నేరుగా తగిలే వెట్ లైనర్ ఇంజిన్లలో బోరు కొట్టే పనే ఉండదు, విడిగా వచ్చే సిలిండర్ గొట్టం, లైనర్‌నే మార్చేస్తారు. అక్కడ కొలవాల్సింది లైనర్ బ్లాకు పైకి ఎంత తేలి ఉందన్నది. ఆ కొద్దిపాటి ఎత్తే గ్యాస్కెట్‌ను నొక్కిపట్టేది. అది తక్కువైతే ఎంత ఖరీదైన గ్యాస్కెట్ వేసినా నీళ్లు కలుస్తాయి.

బోరు కొట్టాక హోనింగ్, అంటే గోడను రాయితో రుద్దడం. గోడ మీద ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ పడాలి; ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. అద్దంలాంటి నునుపు చూసి మురిసిపోయే అలవాటు మానుకోవాలి. నునుపైన గోడ మీద రింగు ఎప్పటికీ కుదురుకోదు.

కడగడం అనే పని

ఇంత ఖరీదైన పనిని పాడుచేసేది చాలాసార్లు ఒక చవకైన తప్పు. హోనింగ్ రాయి నుంచి రాలిన పొడి ఆ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. అది గాజు గీసేంత గట్టి పొడి. షెడ్లలో బ్లాకును డీజిల్‌తోనో, కిరోసిన్‌తోనో కడిగి గాలి కొట్టి బిగించేస్తారు. డీజిల్ జిడ్డును కరిగిస్తుంది, పొడిని గీతల్లోకి ఇంకా లోపలికి దించుతుంది. దాన్ని పైకి లేపేది వేడినీళ్లు, డిటర్జెంట్ నురగ, గట్టి కుచ్చు బ్రష్షు. గిన్నెలు తోమే పనిలా కనిపిస్తుంది కాబట్టి చేయి తిరిగిన మెకానిక్ దాన్ని కుర్రాడికి వదిలేస్తాడు, కుర్రాడు రెండు నిమిషాల్లో ముగిస్తాడు.

కడగడం అయిందో లేదో తేల్చే పరీక్ష తేలిక. శుభ్రమైన తెల్ల గుడ్డకు కాస్త కొత్త ఆయిల్ తడిపి బోరు లోపల గట్టిగా తుడవాలి. గుడ్డ మీద బూడిదరంగు మరక పడితే మళ్లీ కడగాలి. ఇంకో గుడ్డ, మళ్లీ చూడాలి. తెల్లగా వచ్చేదాకా ఇదే పని. అయిపోగానే ఆయిల్ రాయకపోతే విజయవాడ గాలిలోని తేమకు పచ్చి ఇనుము గంటల్లో తుప్పు రంగుకు తిరుగుతుంది. బ్లాకులో ఆయిల్ వెళ్లే దారుల ప్లగ్గులు కూడా విప్పి, సన్నటి పొడవాటి బ్రష్షుతో లోపల తోమాలి. వెనకటి బేరింగు అరిగిన లోహపు పొడి అక్కడే దాక్కుని, కొత్త బేరింగులో మొదటి రోజే దిగుతుంది. యజమాని షెడ్డులో కూర్చుని చూడదగ్గ పని ఏదైనా ఉంటే ఇదే. మిగతావాటిలో పక్కన నిలబడి చేసేదేమీ ఉండదు.

బిగించేటప్పుడు ఒక్కో రింగునూ దాని బోరులోకి దించి, పిస్టన్ తలతో నెట్టి సమం చేసి, కొసల మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో చూడాలి. ఉజ్జాయింపు లెక్క ఒక అంగుళం బోరుకు 0.1 మి.మీ. పైన చెప్పిన ఇంజిన్ బోరు మూడున్నర అంగుళాలు కాబట్టి సుమారు 0.35. మాన్యువల్ ఏదైనా వేరే చెబితే అదే ఖాయం. ఖాళీ తక్కువైతే వేడికి కొసలు తగులుకుని రింగు విరుగుతుంది. రింగు మీద గుర్తు ఉన్న వైపు పైకి ఉండాలి, కొసలు ఒకదాని కింద ఒకటి పడకూడదు.

హాఫ్ ఇంజినా, ఫుల్ ఇంజినా

హాఫ్ ఇంజిన్ అంటే హెడ్, వాల్వులు, బోరు, పిస్టన్ల వరకు. క్రాంక్ జోలికి పోరు. ఫుల్ ఇంజిన్ అంటే క్రాంక్, బేరింగులు, ఆయిల్ పంపు కూడా. హాఫ్‌తో ఆపడం తప్పేమీ కాదు, కానీ ఆపాలో వద్దో క్రాంక్ జర్నళ్లను (బేరింగుల్లో తిరిగే భాగాలను) మైక్రోమీటర్‌తో కొలిచాకే చెప్పాలి. పైన కొత్త పిస్టన్లతో కంప్రెషన్ పెరిగిందంటే కింద పాత బేరింగుల మీద పడే దెబ్బ కూడా పెరుగుతుంది. హాఫ్ ఇంజిన్ చేసిన కొన్నాళ్లకే క్రాంక్ శబ్దం మొదలవడం వెనక ఉన్నది ఎక్కువగా ఇదే.

క్రాంక్‌ను సాధారణంగా 0.25 మి.మీ. మెట్లలో తగ్గించి, ఆ సైజు బేరింగులు వేస్తారు. గ్రైండింగ్‌లో అందరూ కొలత చూస్తారు, మూల చూడరు. జర్నల్ పక్కగోడను కలిసే చోట కొద్దిపాటి వంపు ఉండాలి. రాయి అంచు ఆ వంపును కోసేసి పదునైన మూల చేసిందంటే లోడు మీద పగులు మొదలయ్యేది అక్కడి నుంచే. పైపొర గట్టిపరిచిన క్రాంకులు కొన్ని ఉంటాయి, వాటిని లోతుగా గ్రైండ్ చేస్తే ఆ పొర పోయి మెత్తటి లోహం బయటపడుతుంది. గ్రైండ్ చేశాక పగుళ్ల పరీక్ష చేయించాలి, ఆయిల్ రంధ్రాలు శుభ్రం చేసి అంచులు నున్నగా రుద్దాలి. శబ్దం తగ్గడానికి బేరింగు వెనక కాగితం ముక్క పెట్టే పాత కిటుకును ఎవరైనా ప్రతిపాదిస్తే మాట్లాడకుండా క్రాంక్ తీసుకుని వేరే చోటికి వెళ్లడం మంచిది.

హెడ్ విషయం క్లుప్తంగా: స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి వంపు చూడాలి, వాల్వుల మధ్య సన్నటి చోట చీలిక ఉందేమో నీటి ఒత్తిడితో పరీక్షించాలి. చాలా డీజిల్ ఇంజిన్లకు గ్యాస్కెట్ రెండు మూడు మందాల్లో వస్తుంది. పిస్టన్ బ్లాకు పైకి ఎంత తేలిందో కొలిచి మందం ఎంచుకోవాలి, కొట్టులో దొరికింది వేయకూడదు. కోణం లెక్కన బిగించే హెడ్ బోల్టులు ఒకసారి సాగేవే, పాతవి మళ్లీ వేస్తే అక్కడే పొదుపు నష్టంగా మారుతుంది.

ఇంజెక్టర్లు కారుతున్నాయంటే సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను డీజిల్ కడిగేస్తుంది, లేదా పిస్టన్ తలకు చిల్లు పెడుతుంది. కొత్త బోరుకు పాత ఇంజెక్టర్లను పరీక్షించకుండా బిగించడం ఎంత పని చేస్తుందో చెప్పనక్కర్లేదు. బేరింగు విరిగి దిగిన ఇంజిన్ అయితే టర్బో ఆయిల్ పైపు, ఆయిల్ కూలర్, ఇంటర్‌కూలర్ అన్నీ లోపల శుభ్రం కావాలి.

అసలు ఎందుకు అరిగింది

కారణం తీయకుండా ఇంజిన్ కొత్తది చేస్తే ఆ కారణం మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెడుతుంది. నాలుగు స్ట్రోకుల 2523 సీసీ ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర, టర్బో లెక్క పక్కనపెట్టినా, నిమిషానికి దాదాపు 2500 లీటర్ల గాలి పీలుస్తుంది. ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ బూడిద, కొండపల్లి క్వారీల కంకర, కృష్ణా ఇసుక తోలే బండ్లు పీల్చేది ఆ గాలే. బూడిదలోనూ ఇసుకలోనూ ఉన్న సిలికా, ఇనుప బోరు కంటే గట్టిది. ఫిల్టర్ మార్చామని చెబుతారు గానీ, ఫిల్టర్ దాటాక టర్బో వరకు వెళ్లే రబ్బరు పైపు మడతలో చిన్న చీలిక ఉన్నా, క్లిప్పు వదులైనా ఫిల్టర్ కొత్తదైనా ఒకటే. ఆ పైపు లోపల వేలు పెట్టి తీస్తే దుమ్ము అంటితే కారణం దొరికినట్టే.

రెండోది నీళ్లు. కూలెంట్ బదులు పంపు నీళ్లు పోసుకుంటూ వచ్చిన బండిలో సిలిండర్ల చుట్టూ ఉప్పు పొర గట్టి పడుతుంది. రేడియేటర్ శుభ్రం చేయించి బ్లాకును వదిలేస్తే ఆ పొర అలాగే ఉండి, ఒక్కో చోట బోరును ఎక్కువ వేడెక్కించి వంకర చేస్తుంది. మూడోది ఓవర్‌లోడు, దాని సంగతి తోలేవాడికీ తోలించేవాడికీ తెలిసిందే.

ఇంజిన్ మార్చేస్తే పోదా

బోరు కొట్టించే బదులు స్క్రాప్‌లో తీసిన ఇంజిన్ తెచ్చి ఎక్కించేయడం ఆటోనగర్‌లో దొరికే ఇంకో దారి. రెండు రోజుల్లో బండి రోడ్డెక్కుతుంది. ఆ ఇంజిన్ కూడా లోపల ఎంత అరిగిందో గేజ్ పెట్టకుండా తెలియదు, అది ఒక చిక్కు. రెండోది ఆర్సీ. ఇంజిన్ నంబరు బ్లాకు మీద కొట్టి ఉంటుంది. బోరు కొట్టించినా, స్లీవు వేసినా బ్లాకు అదే కాబట్టి నంబరు మారదు. వేరే ఇంజిన్ ఎక్కిస్తే మారుతుంది, ఆర్టీవో దగ్గర నమోదు చేయించాలి. రవాణా బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. నంబరు కలవకపోతే అక్కడ ఆగడమే కాదు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ రోజున కూడా టెన్షన్ తప్పదు. స్క్రాప్ ఇంజిన్ కొనేటప్పుడు అది ఏ బండిదో చెప్పే కాగితం, బిల్లు లేకుండా తీసుకోకూడదు.

సామాను బిల్లు గురించి కూడా ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాల మీద జీఎస్‌టీ 18 శాతమే, అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. బిల్లు లేకుండా తీసుకుంటే మిగిలేది ఇప్పుడు తగ్గింది. పిస్టన్ సెట్టు, బేరింగులు మూడు నెలలకే పోతే కొట్టువాడిని నిలదీయడానికి ఆ బిల్లు తప్ప ఇంకేమీ ఉండదు.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త రింగులు కుదురుకోవాలని ఇంజిన్‌ను గంటల తరబడి ఐడిలింగ్‌లో వదిలేసే షెడ్లు ఇంకా ఉన్నాయి. జాలితో చేసే తప్పు అది. రింగును గోడకు నొక్కేది సిలిండర్లోని గ్యాస్ ఒత్తిడే. ఐడిలింగ్‌లో ఆ ఒత్తిడి ఉండదు, రింగు తేలిపోతూ గోడ మీద ఆయిల్‌ను కాల్చి వార్నిష్ పొర కట్టిస్తుంది. ఆ పొర పడ్డాక రింగు కుదురుకోదు, మళ్లీ హోనింగే దిక్కు. స్టార్ట్ చేసి ఆయిల్ ప్రెషర్ వచ్చిందా, ఎక్కడైనా కారుతోందా చూసుకుని, వేడెక్కగానే రోడ్డు మీదికి తీయాలి. సగం లోపు లోడుతో, వేగం పెంచుతూ తగ్గిస్తూ తోలాలి. ఒకే వేగంతో హైవే మీద హైదరాబాద్ దాకా లాగించడం, లేదా షెడ్డు నుంచి నేరుగా మిర్చి యార్డుకు వెళ్లి నిండా టిక్కీలు ఎక్కించడం, రెండూ కూడవు. సీజన్ మొదలయ్యే వారం ముందు ఇంజిన్ దించేవాళ్లకు ఈ ఓపిక ఉండదు. అందుకే ఆ పని సీజన్ అయిపోయాక పెట్టుకోవడం మేలు.

మొదటి ఆయిల్ 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య, ఫిల్టర్‌తో సహా మార్చేయాలి. తీసిన ఫిల్టర్‌ను కోసి కాగితం మడతలు విప్పి ఎండలో చూస్తే కొత్త భాగాలు రాసుకున్నందుకు సన్నటి మెరుపు కొంత ఉంటుంది, దానికి భయపడనక్కర్లేదు. రెండోసారి మార్చినప్పుడు ఆ మెరుపు బాగా తగ్గాలి. తగ్గకుండా రాగి రంగు రేకులు కనిపిస్తే బేరింగు తినేస్తోందని అర్థం. ఇనుప పొడి అయస్కాంతానికి అంటుకుంటే రింగులో, బోరో. మొదటిదైతే క్రాంక్ గ్రైండ్ చేసినచోట రాయించుకున్న జర్నల్ కొలతలు, రెండోదైతే లేత్ షాపు రాసిచ్చిన సిలిండర్ల కొలతలు పట్టుకుని వెళ్లాలి.